షెన్‌జెన్‌లో మాకు దారి చూపినవాళ్లకు కృతజ్ఞతలు

హైదరాబాద్, విజయవాడల్లో సెల్‌ఫోన్ రిపేరు షాపులు నడుపుకునే మా బృందం తరఫున రాస్తున్న మాటలివి. చైనాలోని షెన్‌జెన్ నగరంలో ఉన్న హువాచియాంగ్‌బెయ్ ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌లో సరుకు చూసి కొనడం నేర్పినవాళ్లందరికీ మనస్ఫూర్తిగా నమస్కారాలు.

మొదటి దండం హునాన్ రాష్ట్రం నుంచి వచ్చి డిస్‌ప్లేల కౌంటర్ పెట్టుకున్న అక్కకి. ఒకే ఐఫోన్ మోడల్‌కి ఇన్‌సెల్ (ఎల్‌సీడీ రకం), హార్డ్ ఓఎల్‌ఈడీ, సాఫ్ట్ ఓఎల్‌ఈడీ, గ్లాసు మార్చిన ఒరిజినల్ అని ఇన్ని రకాల కాంబోలు (డిస్‌ప్లే, టచ్, గ్లాసు కలిపిన సెట్లు) ఉంటాయని, పక్కపక్కన పెట్టి అంచులు చూపించింది ఆవిడే. ఇన్‌సెల్‌కి వెనక బ్యాక్‌లైట్ ఉంటుంది కాబట్టి మందంగా ఉంటుంది, బ్యాటరీ ఎక్కువ తింటుంది. హార్డ్ ఓఎల్‌ఈడీ లోపలి పొర గాజు, కింద పడితే తొందరగా పోతుంది. గమ్ పెట్టకముందే ఫ్లెక్స్ (స్క్రీన్‌ని ఫోన్‌కి కలిపే పల్చటి కేబుల్) తగిలించి తెల్ల స్క్రీన్ మీద చుక్కలు వెతకాలి, ఒక ఐకాన్ పట్టుకుని మూలమూలకీ లాగి టచ్ ఎక్కడ వదిలేస్తోందో చూడాలి. పైన ఫిల్మ్ తీసినా, గమ్ అంటినా సరుకు వాపసు తీసుకోరు. ట్రూ టోన్ (చుట్టూ ఉన్న వెలుతురుని బట్టి స్క్రీన్ రంగు మారే సదుపాయం) కావాలంటే పాత స్క్రీన్ డేటాని ప్రోగ్రామర్ అనే పరికరంతో చదివి కొత్తదానికి ఎక్కించాలి. ఇవన్నీ చెప్పకుండా చవక రకం అంటగట్టినా మాకు తెలిసేది కాదు. ఆవిడ అలా చెయ్యలేదు.

1980లో ప్రత్యేక ఆర్థిక మండలి అయిన ఈ ఊళ్లో 2020 జనాభా లెక్కల నాటికి కోటీ డెబ్భై అయిదు లక్షల మంది. ఎక్కువమంది బయటినుంచి వచ్చినవాళ్లే. కాంటనీస్ మాట్లాడే గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఉన్నా వీధుల్లో వినిపించేది ఎక్కువగా మాండరిన్. ‘వచ్చావంటే నువ్వూ షెన్‌జెన్ మనిషివే’ అని నగరం గోడల మీద రాసుకున్న మాటని వీళ్లు పనిలో చూపిస్తారు.

గ్వాంగ్‌డాంగ్‌లోనే ఉన్న ఛావ్‌షాన్ ప్రాంతం వ్యాపారులకీ రుణపడి ఉన్నాం. వాళ్ల కౌంటర్ దగ్గర బేరం కంటే ముందు టీ వస్తుంది. మొదటి నీళ్లు ఆకు కడగడానికి, పారబోస్తారు. చిన్న కప్పు నింపగానే రెండు వేళ్లతో బల్ల మీద తట్టడం అక్కడి థ్యాంక్స్, నేర్పింది వాళ్లే.

ఇరుకు వీధిలో అద్దె గది ఇచ్చిన ఆంటీకి ప్రత్యేకంగా చెప్పాలి. హోటల్‌లో దిగితే పోలీసు రిజిస్ట్రేషన్ వాళ్లే చేస్తారు. అద్దె గదిలో అయితే 24 గంటల్లోపు మనమే చేయించుకోవాలి. పాస్‌పోర్టు పట్టుకుని స్టేషన్‌కి వెంట వచ్చారు ఆవిడ.

ఎర్ర జాకెట్ల వాలంటీర్లు అలీపే అనే చైనా చెల్లింపుల యాప్‌లో మన బ్యాంకు కార్డు కలపడం దగ్గరుండి చూపించారు. కార్డుకి అంతర్జాతీయ చెల్లింపులు ముందే ఆన్ చేసుకోవాలి, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. 200 యువాన్లు దాటిన చెల్లింపుకి 3 శాతం రుసుము పడుతుంది.

శాకాహారుల కోసం వంటగదిలోకి వెళ్లి చెప్పొచ్చిన నూడుల్స్ షాపు తమ్ముడికీ థ్యాంక్స్. మాంసం వద్దంటే సరిపోదు. ఆయిస్టర్ సాస్, చికెన్ పౌడర్, మాంసం మరిగించిన నీళ్లు, మూడూ వద్దని విడివిడిగా చెప్పాలి.

చైనా కొత్త సంవత్సరానికి వీళ్లంతా సొంతూళ్లకి వెళ్తారు. ముందు వారం నుంచే కౌంటర్లు మూతపడతాయి, పండగ అయిన వెంటనే ఫ్యాక్టరీలు పూర్తిగా తెరుచుకోవు. అందుకే ఆర్డర్ నెల ముందే పంపమని ఒకటికి రెండుసార్లు గుర్తుచేస్తున్న కౌంటర్ వాళ్లందరికీ మా దండాలు. ఈసారి జాబితా ముందే పంపుతున్నాం.