ఆదివారం కలుద్దాం, విజిటింగ్ కార్డులు తెచ్చుకోండి

బరంపురం వ్యాపార మిత్రులందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకు మన కళ్యాణ మండపం మేడ మీద సమావేశం. పచ్చళ్ళు, అప్పడాలు, పట్టుచీరలు, కిరాణా, కుట్టుపని... ఏ వ్యాపారమైనా సరే, రండి.

ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. ఏమి అమ్ముతారు, ఎలాంటి ఖాతాదారులు కావాలి, అంతే. తాతల నాటి దుకాణం చరిత్ర టీ తాగేటప్పుడు చెప్పుకుందాం!

విజిటింగ్ కార్డుకు ఒకవైపు ఒడియా, మరోవైపు తెలుగు వేయించండి. ఇచ్ఛాపురం బేరానికి తెలుగు చాలు, గోపాల్‌పూర్ హోటళ్లకు ఒడియా ఉండాలి.

విలేకరులు వెతుక్కుంటూ వస్తారని కూర్చోవద్దు. దసరా సరుకు దిగకముందే వారికి నాలుగు వాక్యాలు, ఒక మంచి ఫొటో పంపండి. అప్పడాల వారూ, పొట్లం ఫొటో ఎవరు చూస్తారు? నూనెలో పొంగుతున్న అప్పడాన్ని తీయండి. బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్, అంటే ఈ ప్రాంతపు ప్రత్యేక సరుకు అనే అధికారిక గుర్తింపు) ఉంది. అసలు సరుకు అమ్మేవారు ఆ మాట ఎందుకు దాస్తారో నాకైతే అర్థం కాదు.

గూగుల్ మ్యాప్స్‌లో మీ దుకాణం వేళలు, ఫోను నంబరు సరిగ్గా ఉన్నాయేమో ఈరోజే చూసుకోండి.

వచ్చేవారు శుక్రవారం రాత్రిలోగా ఇక్కడ పేరు, వ్యాపారం రాయండి. కుర్చీలు, టీ చెప్పాలి. చందా లేదు.

గుర్తుంచుకోండి: మీకు కార్డు ఇచ్చినవారికి సోమవారం ఒక ఫోను చేయాలి.