రేడియో చిప్ మారితే ప్రోగ్రామంతా తిరగరాయాలా?

సంపాదకులు గారికి, నమస్కారం.

తిరుపతి, చిత్తూరు ఇంజనీరింగ్ కాలేజీల ఫైనలియర్ ప్రాజెక్టుల్లో బోరు మోటారు స్టార్టరు, మామిడి తోట డ్రిప్ వాల్వు, ఓవర్‌హెడ్ ట్యాంకు నీటిమట్టం వంటివి ఇప్పుడు మామూలైపోయాయి. మంచిదే, ఈ జిల్లాల రైతుకు అక్కరకొచ్చే పరికరాలవి. బాధల్లా లోపలి ప్రోగ్రాం గురించే. సెన్సర్ చదివే ఫంక్షన్‌లోనే రేడియో చిప్ రిజిస్టర్లలోకి (చిప్ సెట్టింగులు ఉండే గడుల్లోకి) నేరుగా అంకెలు రాసేస్తున్నారు. వైవా రోజుకు గట్టెక్కుతుంది. మరుసటి ఏడాది పాత మాడ్యూలు దొరక్క కొత్తది తెస్తే పని మళ్లీ మొదటికొస్తుంది.

తక్కువ కరెంటుతో చాలా దూరం సందేశాలు పంపే లోరా రేడియోల్లో ఎస్ఎక్స్ 1276 పాతది, ఎస్ఎక్స్ 1262 దాని తర్వాతి తరం. గాల్లో ఈ రెండూ ఒకదాని మాట ఒకటి వింటాయి. ప్రాసెసర్‌తో మాట్లాడే తీరు మాత్రం వేరు. పాతదానికి రిజిస్టర్ అడ్రస్ చెప్పి విలువ రాస్తే చాలు. కొత్తదానికి కమాండ్లు పంపాలి, అదీ బిజీ పిన్ దిగేదాకా ఆగి పంపాలి. ఫ్రీక్వెన్సీ సంగతే చూడండి. లోరా రేడియోల నెట్‌వర్కు నిబంధనలైన లోరావాన్‌లో మన దేశపు మొదటి చానెల్ 865.0625 మెగాహెర్ట్జ్. చిప్ ఫ్రీక్వెన్సీని మెట్లలో లెక్కిస్తుంది; 1276లో ఒక్కో మెట్టు సుమారు 61 హెర్ట్జ్ కాబట్టి రిజిస్టర్లలో 14173184 అని నింపుతారు. 1262లో మెట్టు 0.95 హెర్ట్జే. అదే అంకెను అక్కడికి మోసుకెళ్తే 865 కాస్తా 13.5 మెగాహెర్ట్జ్ అవుతుంది, సరిగ్గా 64వ వంతు. ఇది తెలియక యాంటెన్నాను, గేట్‌వేను (పరికరాల సందేశాలు అందుకుని ఇంటర్నెట్‌కు చేర్చే పెట్టెను) అనుమానిస్తూ వారాలు గడిచిపోతాయి. అప్లికేషన్ ‘865062500 హెర్ట్జ్’ అని మాత్రమే చెప్పి, మెట్ల లెక్క డ్రైవరుకు, అంటే చిప్‌తో మాట్లాడే ప్రోగ్రాం భాగానికి, వదిలేస్తే ఈ తిప్పలుండవు. ఒక్క చిప్ కోసం ప్రోగ్రామంతా కదిలించడం ఇల్లు పీకి పందిరేయడమే.

దీనికి దారి ఎవరూ కొత్తగా కనిపెట్టక్కర్లేదు. ఆడమ్ డంకెల్స్ మొదలుపెట్టిన కాంటికీలో ఉంది, తర్వాత వచ్చిన రయట్, జెఫైర్‌లలో ఉంది. ఇవి చిన్న పరికరాల కోసం రాసిన ఆపరేటింగ్ సిస్టంలు. మూడింటి సోర్స్ కోడూ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. రయట్‌లో డ్రైవరు పై పొరకు చూపించేది కొద్దిపాటి ఫంక్షన్లే: సిద్ధం చేయి, పంపు, అందుకో, ఇంటరప్ట్ (పని అయిందని చిప్ పిలిచే పిలుపు) సంగతి చూడు, ఒక విలువ అడుగు, ఒక విలువ మార్చు. వీటిలో ‘అడుగు’ అన్నదాన్ని చాలామంది పట్టించుకోరు గానీ, ప్రాణమంతా అక్కడే ఉంది. ఒక ప్యాకెట్‌లో ఎన్ని బైట్లు పడతాయి? అందినట్టు జవాబు చిప్పే ఇస్తుందా? పై పొర వీటిని ఊహించుకోకూడదు, అడిగి తెలుసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్ 802.15.4 అనే తక్కువ దూరపు రేడియో ప్రమాణంలో ఆ జవాబు 192 మైక్రోసెకన్లకే బయల్దేరాలి. థ్రెడ్లన్నీ (వంతులవారీగా నడిచే పనులన్నీ) దాటుకుని వచ్చే ప్రోగ్రాంకు అది సాధ్యం కాదు, చిప్‌కే వదిలేయాలి. అక్కడ ఫ్రేము కూడా 127 బైట్లే. ఇంటర్నెట్ ప్రోటోకాల్ ఐపీవీ6 మాత్రం కనీసం 1280 బైట్లు మోసే దారి కావాలంటుంది. అందుకే మధ్యలో హెడర్లు కుదించి, ప్యాకెట్‌ను ముక్కలు చేసే 6లోప్యాన్ పొర ఉంటుంది. ముక్కల్లో ఒక్కటి పోయినా ప్యాకెట్ మొత్తం పోయినట్టే కాబట్టి, సెన్సర్ రీడింగును ఒకే ఫ్రేములో ఇమడ్చడం మేలు.

పొరలు వేయమన్నారు కదా అని టైమును కూడా వాటి కింద దాచేస్తే మరో చిక్కు. లోరావాన్‌లో పంపడం ముగిసిన సరిగ్గా ఒక సెకనుకు పరికరం మొదటి జవాబు కోసం చెవి ఒగ్గాలి. ఆ సెకనును పంపడం పూర్తయిన ఇంటరప్ట్ క్షణం నుంచే లెక్కపెట్టాలి. చాలామంది థ్రెడ్ నిద్రలేచి, సీరియల్ పోర్టులో ఒక డీబగ్ లైను రాశాక టైమర్ పెడుతున్నారు. 115200 బాడ్ దగ్గర 80 అక్షరాల లైనుకు సుమారు 7 మిల్లీసెకన్లు పడుతుంది. లోరాలో వేగాన్ని ఎస్ఎఫ్ అంకె చెబుతుంది; అంకె పెరిగేకొద్దీ నెమ్మది, దూరం ఎక్కువ. ఎస్ఎఫ్7లో ప్యాకెట్ ముందు వచ్చే పలకరింపు (ప్రియాంబుల్) ఎనిమిది సింబల్సూ కలిపి 8 మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ. చెవి తెరిచేసరికి పలకరింపు దాదాపు అయిపోయి ఉంటుంది. ఎస్ఎఫ్12లో ఒక్క సింబలే సుమారు 33 మిల్లీసెకన్లు గనుక అక్కడ ఈ తప్పు బయటపడదు. అందుకే గేట్‌వే పక్కనుండి ఎస్ఎఫ్7 వాడే పరికరానికి జవాబు అందదు, దూరపు తోటలో ఎస్ఎఫ్12 వాడేదానికి అందుతుంది! ఈ లక్షణం కనబడితే ముందుగా టైమర్ ఎక్కడ మొదలవుతోందో చూడాలి. ఇంటరప్ట్ లోపల టైము రాసుకుని థ్రెడ్‌ను లేపితే చాలు, చిప్‌తో ఎస్పీఐ తీగల మీది మాటలన్నీ థ్రెడ్‌లోనే జరగాలి.

కాలేజీల బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు ఒక విన్నపం. ఒకే అప్లికేషన్‌ను రెండు డ్రైవర్ల మీద నడిపి చూపించమని ప్రాజెక్టు మార్కుల్లో చేర్చండి. ఒకటి అసలు రేడియో. రెండోది పీసీ మీద నడిచే ఉత్తుత్తి రేడియో, ప్రతి ఐదో ప్యాకెట్‌నూ కావాలనే పారేసేది. రెండోదానికి పైసా ఖర్చు లేదు. మళ్లీ పంపే పద్ధతి సరిగా రాశారో లేదో అక్కడే తేలిపోతుంది. శ్రీసిటీ, రేణిగుంటల్లో ఉద్యోగాలు వెతుక్కునే మన పిల్లలకు ఈ అలవాటు చాలా అవసరం. వైవాలో పరీక్షించడం కూడా తేలికే. అప్లికేషన్ ఫైలు తెరిచి ‘1276’ అని వెతికితే ఒక్కచోట కూడా దొరక్కూడదు.

ఇట్లు,
ఒక ఎంబెడెడ్ సిస్టమ్స్ ఇంజనీరు,
తిరుపతి