ఆ పాత డిస్క్‌ని ఫార్మాట్ చేయకుండా ఆపిన సార్‌కి కృతజ్ఞతలు

"పాత డిస్క్‌ని ముట్టుకోకండి. ఫార్మాట్ అసలు చేయకండి." మూడు వారాల కిందట ఫోన్‌లో ఈ మాట గట్టిగా చెప్పిన సార్‌కి థ్యాంక్స్ చెప్పుకోవాలి. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

పదమూడేళ్ల నాటి కంప్యూటర్ తీసేద్దామని అందులోని ఫొటోలు, నాన్న మాట్లాడిన వీడియోలు అన్నీ కొత్త ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాను. ఒక్క ఎర్రర్ రాలేదు. ఫైళ్ల సంఖ్య సరిపోయింది, సైజు బైట్లతో సహా సరిపోయింది. ఆ ధైర్యంతో పాత డిస్క్‌లో ఒక ఫోల్డర్‌ని షిఫ్ట్ డిలీట్ కొట్టి, రీసైకిల్ బిన్‌లో కూడా మిగలకుండా తీసేశాను. రాత్రి కొత్త డిస్క్‌లో చెల్లి పెళ్లి ఫొటో తెరిచాను. నుదుటి బొట్టు దాకా బాగుంది. అక్కణ్ణుంచి కిందికి రంగులు మారిపోయి, బొమ్మంతా పక్కకు జరిగిపోయింది. ఇంకో నాలుగు తెరిస్తే మరొకటీ అలాగే ఉంది. చేతులు వణికాయి.

నా అనుమానమంతా కొత్త డిస్క్ మీదే. సార్ మాత్రం పాత కంప్యూటర్‌లోనే ఒక పెద్ద వీడియోకి మూడుసార్లు ఎస్‌హెచ్‌ఏ-256 లెక్క తీయమన్నారు. ఫైలు మొత్తం చదివి దానికి వేలిముద్రలాంటి ఒక అక్షరాల వరస ఇచ్చే లెక్క అది; ఫైలు మారకపోతే ఎన్నిసార్లు తీసినా అదే రావాలి. ర్యామ్ (కంప్యూటర్ పని చేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) 4 జీబీ కాబట్టి ఫైలు అంతకంటే పెద్దది ఉండాలట. చిన్నదైతే రెండోసారి డిస్క్ దాకా వెళ్లకుండా ర్యామ్‌లో మిగిలిన కాపీనే చదివేస్తుంది, తప్పు బయటపడదు. ఈ సంగతి నాకు ఎప్పటికీ తట్టేది కాదు. 6 జీబీ వీడియో తీసుకున్నాను. ఒకే ఫైలుకి మూడుసార్లూ మూడు వేర్వేరు 64 అక్షరాల వరసలు వచ్చాయి!

కేబుల్ మార్చినా అంతే. మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే, ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్ రాత్రంతా నడిపితే తెల్లారేసరికి స్క్రీన్ నిండా ఎర్ర గీతలు. రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకటి పాడైంది. అది పీకేశాక లెక్క మూడుసార్లూ ఒకటే వచ్చింది.

కాపీ అంటే ర్యామ్‌లోకి చదివి, అక్కణ్ణుంచి రాయడమే. మధ్యలో ఒక 0 కాస్తా 1 అయితే పట్టుకునే ఈసీసీ మెమరీ సర్వర్లలో ఉంటుంది కానీ ఇళ్లలోని కంప్యూటర్లలో చాలావాటికి ఉండదు. బైట్ల సంఖ్య మారదు కాబట్టి సైజూ మారదు. నేను సైజు చూసి నమ్మాను.

తర్వాత సార్ చెప్పినట్టే పాత డిస్క్‌ని బయటకు తీసి వేరే కంప్యూటర్‌కి తగిలించి మళ్లీ కాపీ చేశాను. రెండు వైపులా ప్రతి ఫైలుకీ లెక్క తీసి పోల్చాం. అసలు ఫొటోలు చెక్కుచెదరలేదు, పాడైంది కాపీలే. ఫార్మాట్ చేసి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంటుంది.

డిలీట్ చేసిన ఫోల్డర్ కోసం ఫోటోరెక్ అనే, పోయిన ఫైళ్లను వెతికి తీసే ప్రోగ్రామ్ నడిపించారు. దొరికినవి అదే డిస్క్‌లో కాకుండా వేరే డిస్క్‌లో రాయమని రెండుసార్లు గుర్తుచేశారు. ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి, రెండు వీడియోలు మాత్రం రాలేదు. అది నా తొందర వల్ల పోయిందే.

సార్, నాలుగు రాత్రులు మీ పని మానుకుని నాతో ఫోన్‌లో కూర్చున్నారు. మరుసటి పొద్దున మీరే ఫోన్ చేసి "లెక్కలు కలిశాయా?" అని అడిగారు. డబ్బు మాటెత్తితే కోప్పడ్డారు. మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉన్నాం.

దొరికిన ఫొటోలకు పాత పేర్లు పోయి ఎఫ్ అక్షరం, పక్కన అంకెలు మిగిలాయి. రోజూ సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని ఎవరెవరో చెబుతుంటే నేను పేర్లు మారుస్తున్నాను. ఇంకా రెండు వందల దాకా ఉన్నాయి.