పదో తరగతి ఇంగ్లీష్‌లో మాటకు కూడా మార్కులు పెట్టండి: పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ పాఠశాల విద్యాశాఖ డైరెక్టర్ గారికి,

నమస్కారం. నేను జగిత్యాల జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌లో ఇంగ్లీష్ స్కూల్ అసిస్టెంట్‌ని. మా తరగతి గదిలో జరిగిన రెండు మూడు సంగతులు చెప్పి, ఆ తర్వాత మీ చేతిలో ఉన్న ఒక పని అడుగుతాను.

మా ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ మేడమ్' అనడం తప్ప ఇంగ్లీష్ పీరియడ్‌లో ఆమె గొంతు నేను వినలేదు. లేచి నిలబడమంటే తల వంచుకునేది. దసరా సెలవులకు ముందు బడిలో బతుకమ్మ ఆడించినప్పుడు చూస్తే, పాట అందుకున్నది ఆ పిల్లే. గ్రౌండంతా వినబడేలా పాడింది. మర్నాడు క్లాసులో బెంచీలు గోడకు జరిపి, పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి ఆమెతో అన్నాను, 'నిన్నటి వరసే, నిన్నటి చప్పట్లే. మాటలు మాత్రం ఇంగ్లీష్‌లో. మీ ఇంట్లో పొద్దున ఎవరు ఏం చేస్తారో చెప్పు' అని.

కాసేపు ఆలోచించి మొదలుపెట్టింది: 'మై మదర్ రోల్స్ బీడీస్ ఉయ్యాలో.' నలభై మంది అందుకున్నారు. తర్వాత ఇంకో పిల్ల, 'మై ఫాదర్ వర్క్స్ ఇన్ దుబాయ్ ఉయ్యాలో.' ఆ తర్వాత, 'మై సిస్టర్ వాషెస్ క్లోత్స్ ఉయ్యాలో.' ఇక్కడ ఒకడు 'వాష్' అని ఆపేశాడు. చప్పట్లకు మాట చాలలేదు, పాట కుంటుపడింది, పక్కవాడే 'వాషెస్‌రా' అని దిద్దాడు. క్రియ చివర చేరే ఆ 'ఎస్' గురించి నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. మై మదర్ రోల్, మై ఫాదర్ వర్క్ అనే రాసేవాళ్లు. ఆ రోజు ఎవరూ రూల్ చెప్పలేదు. తాళం చెప్పింది.

బతుకమ్మ పాటలో ఒకరు చెబుతారు, మిగతావాళ్లు అందుకుంటారు. భాష నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే అనువైన ఏర్పాటు ఏముంటుంది? గుంపులో గొంతు కలిసిపోతుంది కాబట్టి సిగ్గుండదు. అదే వాక్యం పదిసార్లు నోట్లో తిరుగుతుంది కాబట్టి ఇమ్లా (డిక్టేషన్) రాయించినట్టు ఉండదు. నాలుగో రోజుకు ఆ అమ్మాయి ఒక్కతే నిలబడి తన ఇంటి సంగతి ఆరు వాక్యాల్లో చెప్పింది. తప్పులున్నాయి. కానీ చెప్పింది.

పాట పెడితే చాలు, ఇంగ్లీష్ వచ్చేస్తుందని నేను అనడం లేదు. ఆగస్టు పదిహేనుకు ఇంగ్లీష్ రైమ్ రికార్డు వేసి డ్యాన్స్ చేయించడం కూడా చూశాను. ఏం పాడుతున్నారో పిల్లలకు తెలియదు. తెలియని మాటలు కంఠస్థం చేయడం వల్ల గైడు బట్టీ పట్టినంత లాభమే ఉంటుంది. పాటలోని మాట పిల్లల బతుకులోంచి రావాలి, వాళ్లే కట్టాలి.

ఇక ఆట. మన పిల్లలకు ప్రశ్న అడగడం రాదు. సమాధానాలు చదివి చదివి, ప్రశ్న అడగడం టీచర్ పని అనుకుంటారు. దానికి తోడు మన భాషకు, ఇంగ్లీష్‌కు ఇక్కడే పెద్ద తేడా ఉంది. తెలుగులో మాట చివర ఒక 'ఆ' చేరిస్తే ప్రశ్న అయిపోతుంది. తిన్నావు, తిన్నావా. ఇంగ్లీష్‌లో వాక్యం మొదలునే తిప్పాలి. మా పిల్లలు 'యు ఈట్?' అని గొంతు పైకి లేపి సరిపెడతారు. అందుకని నేను ఒక గుడ్డసంచిలో ఏదో ఒక వస్తువు వేసి మూతి కడతాను. తాళంచెవి, చింతకాయ, సైకిల్ బెల్లు, ఏదైనా. క్లాసంతా కలిసి ఇరవై ప్రశ్నల్లో అదేమిటో కనుక్కోవాలి. 'ఇజ్ ఇట్ హెవీ?' 'డు వుయ్ ఈట్ ఇట్?' 'కెన్ ఐ బై ఇట్ ఇన్ ద అంగడి?' అంగడి తెలుగులోనే ఉండిపోయింది, ఉండనిచ్చాను. ప్రశ్న తప్పుగా అడిగితే జవాబు రాదు, ఒక ప్రశ్న వృథా అవుతుంది. అంతే శిక్ష. ఆ ఇరవైలో పదిహేను ప్రశ్నలు సరిగ్గా వచ్చే రోజుకు మాకు మూడు వారాలు పట్టింది.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది మాత్రం ప్రాజెక్టు గురించి.

మా ఊళ్లో గల్ఫ్‌కు వెళ్లొచ్చిన మనిషి లేని వాడకట్టు లేదు. తొమ్మిదో తరగతి పిల్లల్ని ఐదుగురేసి జట్లు చేసి, ఒక్కో జట్టును తిరిగొచ్చిన ఒక్కొక్కరి ఇంటికి పంపాను. అడగాల్సింది ఒకటే: 'అక్కడ మీకు అవసరమై, నోట్లోంచి రాని ఇంగ్లీష్ మాట ఏది?' తెలుగులోనే అడిగారు, తెలుగులోనే రాసుకొచ్చారు. చాలా పనులు హిందీతో నడిచిపోతాయని వాళ్లే చెప్పారట. కానీ కాగితం హిందీలో ఉండదు, ఆఫీసులో కూర్చున్నవాడికి హిందీ వచ్చి ఉండాలనీ లేదు. పిల్లలు తెచ్చిన మాటలు చూసి నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. 'నా జీతం ఎందుకు కోశారు?' 'నాకు ఒంట్లో బాగోలేదు, ఇవాళ పనికి రాలేను.' 'ఈ కాగితంలో ఏముందో చదివి చెప్పండి.' 'నా పాస్‌పోర్టు నాకు ఇవ్వండి.'

రెండు వారాలు వీటినే ఇంగ్లీష్‌లోకి మార్చాం. బల్లను కౌంటర్ చేసి ఒకడు సూపర్‌వైజర్, ఒకడు పనివాడుగా ఆడి చూపించారు. 'వై వాజ్ మై శాలరీ కట్?' దగ్గర మొత్తం ఒక పీరియడ్ ఆగాం. ఇది ప్యాసివ్ వాయిస్. రాముడు ఉత్తరం రాసెను, ఉత్తరం రాముని చేత రాయబడెను అని ఏళ్ల తరబడి తిప్పించినా ఎందుకో అర్థం కానిది ఇక్కడ అర్థమైంది. జీతం ఎవరు కోశారో పనివాడికి తెలియదు, అందుకని అలా అడుగుతాడు. ఒక పిల్లవాడు తనంతట తానే చెప్పిన మాట ఇది. చివరికి అరవై వాక్యాలు చేత్తో రాసి, పక్కనే తెలుగు రాసి, జిరాక్స్ తీసి చిన్న పుస్తకం కుట్టారు. తర్వాతి నెలలో వీసా వచ్చినవాళ్లు ఇద్దరు వచ్చి కాపీలు పట్టుకెళ్లారు.

డైరెక్టర్ గారూ, ఈ ప్రాజెక్టు చేస్తున్నప్పుడే ఒక విషయం నా బుర్రలో పడింది. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద ఉంటుంది. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లాలంటే వాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. పది పాసైతే అది అక్కర్లేదు. అంటే పది చదివినవాడు కాంట్రాక్టు చదువుకోగలడు, అడగాల్సింది అడగగలడు, తన మంచిచెడ్డలు తాను చూసుకోగలడు అని ప్రభుత్వం నమ్ముతోంది. ఆ నమ్మకం మేమిచ్చే సర్టిఫికెట్ మీద నిలబడి ఉంది. ఆ సర్టిఫికెట్ కోసం పిల్లవాడు ఇంగ్లీష్‌లో ఒక్క వాక్యమైనా ఎవరి ముందైనా మాట్లాడి చూపించాలా? అక్కర్లేదు. 80 మార్కులు రాతపరీక్ష. మిగిలిన 20 ఇంటర్నల్, అందులో కూడా చాలా భాగం రాతే.

ఆ ఇరవై సంగతి మీకు తెలియనిది కాదు. ఏడాదిలో బడిలోనే పెట్టే నాలుగు ఫార్మేటివ్‌ పరీక్షలు, ఒక్కోదానిలో నాలుగు అంశాలు, ఒక్కో అంశానికి 5 మార్కులు; ఆ నాలుగింటి సగటే ఈ ఇరవై. ఆ అంశాల్లో ఒకటి ప్రాజెక్టు పని. కాగితం మీద ఇది చాలా మంచి ఆలోచన, నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. జరుగుతున్నది వేరు. ప్రాజెక్టు అంటే నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించిన నాలుగు కాగితాలు, రంగు అట్ట, స్కెచ్ పెన్నుతో పేరు. లోపల ఏముందో అడిగితే పిల్లలకు తెలియదు, అడిగే తీరిక మాకూ ఉండదు. అట్ట బాగుంటే 5, లేకపోతే 4. ఇంటర్నల్ మార్కులు ఎత్తేస్తామని 2024 నవంబరులో ఉత్తర్వు వచ్చినప్పుడు చాలామంది టీచర్లు మంచిదే అన్నారు. కొన్ని చోట్ల అందరికీ ఇరవైకి ఇరవై వేసేస్తున్నారని వాళ్ల బాధ. ఆ బాధ నిజమే. ఎత్తేయడం వెంటనే జరగలేదు కానీ, ఆ మాట మళ్లీ మళ్లీ వస్తోంది. నా మనవి ఏమిటంటే, వాటిని ఎత్తేయవద్దు. నమ్మదగ్గవిగా చేయండి.

ఆ ఇరవైలో పది మార్కులు ఇంగ్లీష్‌కు సంబంధించినంతవరకు మాటకు కేటాయించండి. ఇద్దరేసి పిల్లలు కూర్చుని ఒక విషయం మీద ఒకరినొకరు అడిగి చెప్పుకోవడానికి ఐదు, తాను చేసిన ప్రాజెక్టు గురించి చూడకుండా చెప్పడానికి ఐదు. మార్కులు వేసేది సొంత టీచర్ కాకుండా పక్క బడి టీచర్ అయితే మొహమాటం ఉండదు. ఫోన్‌లో రికార్డు చేసి కొన్ని నెలలు దాచితే అనుమానం ఉన్నవాళ్లు వినవచ్చు. నలభై మంది క్లాసులో ఇరవై జతలు. జతకు ఎనిమిది నిమిషాలు అనుకున్నా మూడు గంటల లోపు పని. దీనికి కొత్త పోస్టులు అక్కర్లేదు, కొత్త పుస్తకాలు అక్కర్లేదు. మన పాఠ్యపుస్తకాల్లో ప్రతి యూనిట్‌లోనూ వినడానికి, మాట్లాడడానికి, ప్రాజెక్టుకు చోటు ఇప్పటికే ఉంది. పరీక్షలో రాదు కాబట్టి వాటిని దాటేసి పోతున్నాం.

ఇది కుదరదని ఎవరైనా అంటే ఇంటర్మీడియట్ బోర్డును చూపించండి. 2023-24 నుంచి ఇంటర్ మొదటి సంవత్సరం ఇంగ్లీష్‌కు 20 మార్కుల ప్రాక్టికల్ పెట్టారు. మా దగ్గర పదేళ్లు నోరు విప్పని పిల్లవాడు పదకొండో ఏట ఒక్కసారిగా ప్రాక్టికల్‌లో కూర్చుంటున్నాడు. ఆ టెన్షన్ వాడికి ఎందుకు? కింది నుంచే మొదలుపెడితే సరిపోతుంది కదా.

పల్లెటూరి పిల్లలు నష్టపోతారేమోనన్న భయం నాకూ ఉంది. ఇంట్లో ఇంగ్లీష్ విననివాడికి, ఎల్‌కేజీ నుంచి విన్నవాడికి ఒకే కొలత పెడితే అన్యాయమే. అందుకే ఉచ్చారణకు మార్కులు వద్దు. చెప్పదలచుకున్నది ఎదుటివాడికి అందిందా లేదా అన్నదే చూడమనండి. 'ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్, టుడే నో వర్క్ సార్' అని చెప్పగలిగిన పిల్లవాడికి మార్కులు రావాలి.

మా గురించి కూడా ఒక మాట. మాలో చాలామందికి ఇంగ్లీష్‌లో ధారాళంగా మాట్లాడాలంటే బెరుకు. మేమూ తెలుగు మీడియంలో చదివి, గ్రామర్ బిట్లు చేసి, డీఎస్సీ రాసి వచ్చినవాళ్లమే. శిక్షణకు పిలిచి రోజంతా పీపీటీ చూపిస్తే ఆ బెరుకు పోదు. మమ్మల్ని కూడా గుండ్రంగా నిలబెట్టి పాడించండి, సంచి కట్టి ప్రశ్నలు అడిగించండి. ఇంగ్లీష్ బోధన కోసమే 1958లో మొదలైన సంస్థ, ఇప్పటి ఇఫ్లూ (ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మన హైదరాబాద్‌లోనే తార్నాక దగ్గర ఉంది. వేసవిలో ఐదు రోజులు అక్కడ అలాంటి శిక్షణ పెడితే నేను సొంత ఖర్చుతో వస్తాను.

ఇంకొకటి, కష్టంగా ఉన్నా చెప్పాలి. కొన్నేళ్ల కిందట వేరే బడిలో ఉన్నప్పుడు, ఇలాగే పిల్లలతో పాడిస్తుంటే తనిఖీకి వచ్చిన ఒక అధికారి గుమ్మంలో నిలబడి 'ఇది బడా, సంతా?' అని పిల్లల ముందే అడిగారు. నోట్‌బుక్కులు తెప్పించి ఎన్ని పేజీలు రాయించానో లెక్కపెట్టారు. ఆ తర్వాత ఏడాది పాటు నేను పాట జోలికి పోలేదు. ఆ ఏడాది నా దగ్గర చదివిన పిల్లలకు నేను బాకీ పడ్డాను. తనిఖీకి వెళ్లే ప్రతి అధికారికీ మీరు ఒక్క వాక్యం రాసి పంపండి: ఇంగ్లీష్ పీరియడ్‌లో పిల్లల గొంతు వినబడితే లోపలికి వెళ్లి కూర్చుని వినండి, వెంటనే నోట్‌బుక్ అడగవద్దు అని.

మా తొమ్మిదో తరగతి ఇప్పుడు కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టింది. బీడీలు చుట్టే తల్లుల దగ్గరికి వెళ్లి, ఆకు తూకం నుంచి పీఎఫ్ కాగితం దాకా పని మొత్తం అడిగి, ఇంగ్లీష్‌లో చెప్పడానికి తయారవుతున్నారు. నేను మొదట చెప్పిన ఆ అమ్మాయి ఇప్పుడు ఒక జట్టుకు లీడర్. నెలాఖరు శనివారం మధ్యాహ్నం తల్లులను పిలిచి వాళ్ల ముందే చెబుతారు. వీలైతే ఆ రోజు రండి. మీకు ముందు వరసలో కుర్చీ వేస్తాం. మీరు కూడా ప్రశ్నలు అడగవచ్చు, ఇంగ్లీష్‌లో.

ఇట్లు,
ఒక ఇంగ్లీష్ టీచర్,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, జగిత్యాల జిల్లా