వార్షిక నివేదిక 2024-25: వికలాంగుల కోసం వస్తువులు చేస్తున్న మన పిల్లల బృందం ఏం చేసింది

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం కాబట్టి ఇక్కడ డబ్బు సంగతి ఎత్తడం లేదు. రక్తదాన శిబిరం, సంక్రాంతి ముగ్గుల పోటీ, బోరు రిపేరు ఎప్పటిలాగే అయిపోయాయి. ఈసారి ఎక్కువ చెప్పాల్సింది వికలాంగులకు పనికొచ్చే వస్తువులు తయారుచేస్తున్న మన పిల్లల గురించే. "కమ్యూనిటీ హాల్లో ఆ త్రీడీ ప్రింటర్ రాత్రీ పగలూ గుయ్యిమంటోంది, అసలేం చేస్తున్నారు వీళ్లు?" అని చాలామంది అడుగుతున్నారు మరి. (ప్లాస్టిక్‌ని కరిగించి పొర మీద పొరగా వస్తువు చేసే యంత్రం అది.)

ముందు ఒక నియమం పెట్టుకున్నాం. బజార్లో దొరికేదీ ప్రభుత్వం ఇచ్చేదీ మళ్లీ తయారుచేయకూడదు. వీల్‌చైర్లు, ట్రైసైకిళ్లు కాన్పూర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్కో 1970ల నుంచీ చేస్తూనే ఉంది, అర్హత ఉన్నవాళ్లకి కేంద్రం ఆడిప్ పథకం కింద అలాంటివి ఇస్తూనే ఉంది. అక్కడ మనం చేయగలిగిన సాయం దరఖాస్తు నింపిపెట్టడమే, ఆ పనీ చేశాం. ఇంజినీరింగ్ పిల్లలకి ఈ నియమం మొదట్లో అస్సలు రుచించలేదు. చూపు లేనివాళ్ల కోసం అల్ట్రాసోనిక్ సెన్సార్ (చెవికి వినబడని శబ్దంతో అడ్డంకిని పసిగట్టేది) బిగించిన చేతికర్ర ఒకటి చేసుకొచ్చారు, ఏది అడ్డొచ్చినా బీప్ అంటుంది. నిజానికి అలాంటిదే, తెల్లకర్రకి తగిలించుకునే ఐఐటీ ఢిల్లీ వాళ్ల స్మార్ట్‌కేన్ 2014లోనే వచ్చింది. నేల మీది రాయీ గుంటా మామూలు తెల్లకర్రకే తెలిసిపోతాయి కాబట్టి, స్మార్ట్‌కేన్ మోకాలి నుంచి తల ఎత్తు దాకా అడ్డొచ్చేవాటిని మాత్రం పట్టుకుని, పిడిలో వణుకుతో చెబుతుంది. మన బృందానికి మెంటార్‌గా, అంటే సలహాలిచ్చి దారి చూపేవారిగా, ఉంటున్న, చూపు లేని బ్యాంకు ఉద్యోగి ఒకాయన పిల్లల కర్ర పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా వెళ్లొచ్చి, "బాబూ, ఈ బీపుల గోలలో వెనకొచ్చే ఆటో వినబడటం లేదు నాకు" అన్నారు. అంతే, ఆ కర్ర అటకెక్కింది.

అప్పటినుంచి పద్ధతి మార్చేశాం. వస్తువు ఎవరు వాడతారో వాళ్లే మెంటార్. రిటైరైన మన ఇంజినీర్లు సోల్డరింగ్, కొలతలు, విద్యుత్ జాగ్రత్తలు నేర్పుతారు గానీ, ఏం చేయాలో తేల్చేది వాళ్లు కాదు. (ఒకరిద్దరు అలిగారు, తర్వాత టీ టైముకి వచ్చేశారు.)

దీనివల్ల ఏం మారిందో కంచం సంగతి చెబితే అర్థమవుతుంది. వెన్నుపూసకు దెబ్బ తగిలి వేళ్లు పట్టుతప్పిన ఒకాయన ఉన్నారు. ఆయన కోసం పిల్లలు అరచేతికి పట్టీలా తొడుక్కునే చెంచా డిజైన్ ఒకటి డౌన్‌లోడ్ చేసి ప్రింట్ తీశారు. ఆయన నవ్వి, "చెంచాతో తినడం నాకు ఎప్పుడో అలవాటైంది, పప్పూ అన్నం కలుపుకోవడమే కుదరడం లేదు. ఇంకొకళ్లు కలిపి పెడితే ఎక్కడ నెయ్యి తగిలిందో, ఎక్కడ ఆవకాయ పడిందో నాకేం తెలుస్తుంది?" అన్నారు. పిల్లలు ఆదివారాలు ఆయనతోపాటే భోజనానికి కూర్చుని చూశారు. చెంచాతో నొక్కితే అన్నం ఎదుటి అంచు దాటి బల్ల మీద పడుతోంది, కంచం జారిపోతోంది. కంచం కిందకి రబ్బరు మ్యాట్ చాలింది. అంచుకి తగిలించే అడ్డుగోడే చాలా తిప్పలు పెట్టింది. మొదట పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేస్తే, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడే సరుకు కదా, వేడినీళ్లతో కడిగేసరికి అప్పడంలా వంకరపోయింది. తర్వాత పీఈటీజీ అనే ఇంకో రకం ప్లాస్టిక్‌తో చేశారు, అది వేడికి నిలిచింది గానీ ప్రింట్ పొరల మధ్య సన్నటి సందుల్లో పసుపు, నూనె దిగి ఎంత తోమినా వదల్లేదు. చివరికి కొలత కుదిరిన ప్లాస్టిక్ నమూనా పట్టుకుని సికింద్రాబాద్‌లో స్టీలు సామాన్లు చేసే ఒకాయన దగ్గరికి వెళ్లి, అదే ఆకారంలో స్టీలు రేకు వంచి, అంచులు మడతపెట్టించుకొచ్చారు. ఇప్పుడు ఆయన తన అన్నం తనే కలుపుకుంటున్నారు. ఇందులో సెన్సార్ లేదు, యాప్ లేదు. నన్నడిగితే ఈ ఏడాది మనం చేసినవాటిలో మంచి పని ఇదే.

బొమ్మల పనీ బాగానే నడిచింది. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లలకి బొమ్మ మీది చిన్న బటన్ నొక్కడం కష్టం. రెండు రాగిరేకుల మధ్య కరెంటు పారని ముక్క పెట్టి, దాన్ని బ్యాటరీకీ స్ప్రింగుకీ మధ్య దూర్చి, రెండు రేకుల వైర్లూ బయటికి లాగి, ఇయర్‌ఫోన్‌కి ఉండేలాంటి 3.5 మిల్లీమీటర్ల సాకెట్ పెడితే, అరచేతంత స్విచ్ తగిలించి చేత్తోనో మోచేత్తోనో తలతోనో ఆడించుకోవచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా ఒక్క మధ్యాహ్నంలో నేర్చేసుకున్నారు. స్విచ్ ఏ పక్కన ఉండాలో మాత్రం థెరపిస్టునీ తల్లినీ అడక్కుండా బిగించొద్దని చెప్పాం.

ఒక విషయం చేదుగా ఉన్నా చెప్పాలి. ఒక కాలేజీ టెక్ ఫెస్ట్‌కి పిలిచి, కంచం వాడే ఆయన్ని స్టేజీ మీద అందరి ముందూ తిని చూపించమన్నారు. ఆయన కుదరదన్నారు, మన పిల్లలు కూడా పోటీ నుంచి తప్పుకున్నారు. ప్రైజు పోయిందని కొందరు తల్లిదండ్రులు బాధపడ్డారు గానీ, కార్యవర్గం పిల్లల పక్షానే ఉంది, ఉంటుంది.

వచ్చే ఏడాది కొత్తవి తగ్గించి, ఇచ్చినవాటి రిపేర్లు చూడాలనుకుంటున్నాం. పట్టీ తెగితేనో స్విచ్ పాడైతేనో వస్తువు మూలన పడుతోంది, పైగా ఇంట్లోవాళ్లు మొహమాటపడి ఫోన్ చేయరు. అందుకని మూడు నెలలకోసారి మనమే వాళ్ల ఇళ్లకు వెళ్దామన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాం. కుట్టుపని, వడ్రంగం, వెల్డింగ్ వచ్చిన సభ్యులు పేరివ్వండి, కోడ్ రాసేవాళ్లు ఇప్పటికే సరిపడా ఉన్నారు. ఇంట్లో బ్యాటరీతో నడిచే పాత బొమ్మలుంటే ఆదివారం పొద్దున హాల్లో ఇచ్చేయండి, పాడైనా ఫర్వాలేదు, సెల్స్ మాత్రం తీసేసి ఇవ్వండి.

కార్యదర్శి, కార్యవర్గం తరఫున