టైట్ ఎండ్‌తో తీరేది సగం లోటే

సంపాదకుడు గారికి,

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు కోనసీమలో తక్కువేం కాదు. వాళ్ల పుణ్యమా అని ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) మీ క్రీడా పేజీ దాకా వచ్చింది, సంతోషం. కానీ స్టార్ రిసీవర్ (పరుగెత్తి పాస్‌లు అందుకునేవాడు) పోయినా కొత్త టైట్ ఎండ్ (పాస్‌లు అందుకుంటూనే ప్రత్యర్థులను అడ్డుకునేవాడు) ఉన్నాడుగా అని అందులో కనిపించిన ధీమా చెల్లదు.

2021లో అట్లాంటా జట్టు తన స్టార్ రిసీవర్ జూలియో జోన్స్‌ను టెనెసీ జట్టుకు ఇచ్చేసింది. ఆ ఏడే డ్రాఫ్ట్‌లో (కాలేజీ ఆటగాళ్ల ఎంపికలో) 4వ పిక్‌గా వచ్చిన టైట్ ఎండ్ కైల్ పిట్స్ 68 క్యాచ్‌లతో 1,026 గజాలు తెచ్చాడు. టచ్‌డౌన్ (బంతిని చివరి గీత దాటించి చేసే స్కోరు) మాత్రం ఒక్కటే! పక్కగీత వెంబడి దూసుకుపోయే రిసీవర్ ఉంటే ప్రత్యర్థి సేఫ్టీ (అందరికంటే వెనక ఉండే డిఫెండర్) ఒకడు వెనకే కాపు కాయాలి. ఆ రిసీవర్ పోగానే ఆ సేఫ్టీ నడిమికి దిగుతాడు. ఇక టైట్ ఎండ్‌కు ముందు లైన్‌బ్యాకర్ (నడిమి వరస డిఫెండర్), వెనక సేఫ్టీ. ఆఖరి 20 గజాల్లో చోటు ఇరుకు కాబట్టి బంతి వేసే సందే దొరకదు. పైగా టైట్ ఎండ్ తన జట్టు టాకిల్ (ముందు వరస చివర ఉండే భారీ ఆటగాడు) పక్కన నిలబడి ప్రత్యర్థులను బ్లాక్ చేయాలి, అంటే అడ్డుకోవాలి. కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడికి అది ఓ పట్టాన అబ్బదు.

2024లో స్టార్ రిసీవర్ దావంతే ఆడమ్స్ సీజన్ మధ్యలో వెళ్లిపోయాక లాస్ వేగాస్ జట్టుకు కొత్త టైట్ ఎండ్ బ్రాక్ బవర్సే దిక్కయ్యాడు. ఆ సీజన్‌లో అతనివి 112 క్యాచ్‌లు, 1,194 గజాలు. అయినా జట్టు గెలిచింది 17 మ్యాచ్‌ల్లో 4.

చవకగా దొరికినా సరే, వేగం ఉన్న రిసీవర్‌ను ఒకణ్ని పక్కగీత వైపు నిలబెడితే సేఫ్టీ మళ్లీ వెనక్కి పోతాడు.

– ఓ పాఠకుడు, అమలాపురం