గాబా కొలత: అంకె పక్కన పద్ధతి కూడా వేయండి

సంపాదకుల వారికి,

పసిపిల్లల ఫిట్స్ మీద మీ సైన్సు పేజీలో వచ్చిన వ్యాసంలో, మెదడు కణాల గాబా (కణాలను సాధారణంగా శాంతపరిచే రసాయన సంకేతం) రివర్సల్ పొటెన్షియల్ ఒకచోట మైనస్ 78 మిల్లీవోల్టులు అనీ, ఇంకోచోట మైనస్ 60 అనీ అచ్చయింది. రెండూ నిజమే కావచ్చు. ఎలా కొలిచారో రాయకపోవడమే లోటు.

కణం పొరలో గాబా తెరిచే ద్వారాలు తెరుచుకుని ఉన్నా వాటిగుండా నికరంగా కరెంటు పారని వోల్టేజి ఇది. కణం లోపలి క్లోరైడే దీన్ని ప్రధానంగా నిర్ణయిస్తుంది. బయట క్లోరైడు 130 మిల్లీమోలార్ (గాఢత కొలమానం) ఉండి, లోపల 7 ఉంటే 37 డిగ్రీల దగ్గర లెక్క మైనస్ 78కి వస్తుంది. లోపల 14 అయితే దాదాపు మైనస్ 60. ఆ ద్వారాల్లోంచి బైకార్బొనేట్ కూడా కొంత దూరుతుంది కాబట్టి అసలు విలువ ఇంకాస్త సున్నా వైపే ఉంటుంది.

సన్నటి గాజు గొట్టం (పిపెట్) కొసను కణానికి అతికించి, అక్కడి పొరను చించి కొలిచే మామూలు హోల్ సెల్ పద్ధతిలో, పొర చిరగ్గానే పిపెట్‌లోని ద్రావణం కణంలో కలిసి, కొలవాల్సిన క్లోరైడునే మార్చేస్తుంది. రొయ్యల గుంటలో మనమే ఉప్పునీళ్లు పోసి, ఆనక సెలినిటీ చూసినట్టు! అందుకే పొరను చించకుండా, అందులో సన్నటి రంధ్రాలు చేసే గ్రామిసిడిన్ అనే యాంటీబయోటిక్ వాడతారు. దాని రంధ్రాల్లోంచి సోడియం, పొటాషియం పోతాయి, క్లోరైడు పోదు. పిపెట్ కొసలో గ్రామిసిడిన్ లేని ద్రావణం, దాని వెనక కలిపినది నింపాలి. కొసలోనే మందుంటే పిపెట్ కణానికి గట్టిగా అతుక్కోవడం (సీలు పడటం) కష్టం. ఆపైన రంధ్రాలు పడేదాకా 20 నుంచి 40 నిమిషాలు ఆగాలి. పిపెట్‌లో క్లోరైడు బాగా ఎక్కువ ఉంచితే మేలు: మధ్యలో పొర చిరిగితే విలువ సున్నా వైపు ఎగబాకి వెంటనే తెలిసిపోతుంది.

ఇందులోనూ సిరీస్ రెసిస్టెన్స్ (పిపెట్ దారిలో కరెంటుకు ఎదురయ్యే అడ్డు) బెడద తప్పదు. 50 మెగాఓముల గుండా 100 పికోఆంపియర్లు పారితే 5 మిల్లీవోల్టుల తేడా. జంక్షన్ పొటెన్షియల్ (రెండు వేర్వేరు ద్రావణాలు కలిసేచోట పుట్టే వోల్టేజి) మరొకటి. పిపెట్లో పొటాషియం గ్లూకోనేట్ ద్రావణం వాడితే అదే 10 మిల్లీవోల్టులు దాటుతుంది, కొందరు తీసివేస్తారు, కొందరు తీసివేయరు. గాబాను వెంటవెంటనే చిమ్మితే క్లోరైడు లోపల పేరుకుని, పదో కొలత మొదటిదానితో కలవదు.

ఇది ప్రయోగశాలలో తేలిపోయే గొడవ కాదు. లేత మెదడు కణాల్లో క్లోరైడు ఎక్కువనీ, దానివల్ల గాబా శాంతపరచక రెచ్చగొట్టొచ్చనీ అన్న ఆధారంతోనే, కణంలోకి క్లోరైడు చేరడాన్ని అడ్డుకునే బ్యూమెటనైడ్ అనే మందును ఫిట్స్ ఉన్న నవజాత శిశువులకు ఇచ్చి చూశారు. యూరప్‌లో ఆ పరీక్షను మధ్యలోనే ఆపేశారు. ఫిట్స్ తగ్గిన దాఖలా లేకపోగా, కొందరు పిల్లలకు వినికిడి దెబ్బతిన్నట్టు 2015లో ప్రకటించారు. ఇలాంటి అంకె వేసినప్పుడల్లా కణం వయసు, ఉష్ణోగ్రత, పిపెట్ పద్ధతి, జంక్షన్ సవరణ చేశారా లేదా అన్నవి పక్కనే ఒక్క వాక్యంలో వేయమని మనవి.

— ఫిజియాలజీ అధ్యాపకులు, నెల్లూరు